పాత ఎంజీబీ కారు రిపేరు: అడ్వాన్స్ ఇచ్చేముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మా నాన్నగారు 1971 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొని, 1972లో గుంటూరులో రిజిస్టర్ చేయించారు. ఆయన 2020లో కాలం చేశారు. ఆర్సీ ఇంకా ఆయన పేరునే ఉంది. ఇంట్లో అమ్మ, నేను, ఇద్దరు అక్కలు. ఇరవై ఏళ్లుగా కారు షెడ్డులోనే పడి ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ 14 లక్షలకు అంచనా వేసి, 6 లక్షలు అడ్వాన్స్ అడుగుతున్నారు. పాత ఇంజిన్ మీద ఖర్చు దండగ, అంబాసిడర్ ఇంజిన్ వేసేద్దాం అంటున్నారు. చట్టపరంగా ఏమేం చూసుకోవాలి? రేపు మాటా మాటా వస్తే కారు ఇవ్వకుండా ఆపుకొనే హక్కు ఆయనకు ఉంటుందా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకండి. కారు బాగయ్యాక దాన్ని ఎలా వాడుకోవాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. ఏ పని చేయించవచ్చు, ఏది చేయించకూడదు అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 81ఎ నుంచి వచ్చే నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండ్లు దీనికి అర్హం. మీ కారుకు 2022లోనే ఆ గడువు దాటింది. ఫారం 20లో దరఖాస్తు, పాత ఆర్సీ, ఇన్సూరెన్స్ జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ. 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్‌కు రూ. 5,000. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. అయితే ఈ దారిలో కారును రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, అంతవరకే.

ఆదివారం ఇంటిల్లిపాదీ సూర్యలంక వెళ్లొద్దామనే ఆలోచన ఉంటే ఈ దారి మీకు కుదరదు. రెండో దారి, అంటే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కే వెళ్లండి: ఫారం 25, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీ, ఐదేళ్ల చెల్లుబాటు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి తిప్పకూడదన్న నిషేధం ఢిల్లీ పరిసరాలకు సంబంధించింది, మనకు కాదు.

ఇక అంబాసిడర్ ఇంజిన్ సంగతి. మెకానిక్ ఆ మాట ఎందుకన్నారో అర్థమవుతోంది. ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్, పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్ కుటుంబానివే. అంబాసిడర్ సామాను మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది. కానీ వింటేజ్ నిబంధనలు బండి అసలు రూపంలోనే ఉండాలంటాయి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పు చేస్తే అర్హత పోతుంది. మామూలు రెన్యువల్‌కు వెళ్లినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో స్పష్టం చేసింది. అనుమతిలేని మార్పుకు సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శిక్ష యజమానికే, అంటే మీకే.

ఉన్న ఇంజిన్‌నే బాగు చేయించండి. సిలిండర్లకు బోరింగ్ చేయించి 20 లేదా 30 థౌ (అంగుళంలో వెయ్యోవంతు) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించడం, క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు మార్చడం, ఇవన్నీ నా అభిప్రాయంలో మరమ్మతు కిందికే వస్తాయి, మార్పు కిందికి కాదు.

ఇక్కడ చాలామంది నష్టపోయే సంగతి ఒకటుంది. ఈ కారు ఇంజిన్ నంబరు బ్లాకుకు రివెట్లతో బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. ఫ్యాక్టరీ వేసిన కారు నంబరు (ఆర్సీలో చాసిస్ నంబరుగా రాసేది) కూడా బానెట్ కింద అలాంటి ప్లేటు మీదే. బ్లాకు లేత్ షాపుకు, బాడీ రంగు గోకడానికి వెళ్లినప్పుడు ఆ రేకులు ఊడిపోతాయి, తుక్కులో కలిసిపోతాయి. ఆపైన ఎంవీఐ పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. అందుకే కారు మీ షెడ్డు దాటకముందే రెండింటి పెన్సిల్ ప్రింట్లు తీయించండి. దగ్గరి నుంచీ దూరం నుంచీ ఫొటోలు తీసి, నంబర్లను ఆర్సీతో సరిచూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే ఆర్టీవో కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి. ఇంగ్లండ్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వారు పాత ఫ్యాక్టరీ రిజిస్టర్ల ఆధారంగా హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. అందులో తయారైన తేదీ, ఇంజిన్ నంబరు, అసలు రంగు ఉంటాయి. ఆర్సీకి అది గట్టి తోడు.

ఆర్సీ మీ పేరుకు మారాలి. వీలునామా లేకపోతే అమ్మగారికి, మీకు, ఇద్దరు అక్కలకు సమాన వాటాలు (మీ నాయనమ్మ అప్పటికి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది). డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నోటరీ అఫిడవిట్లతో ఫారం 31 దాఖలు చేయండి. ఆలస్యానికి అదనపు రుసుము పడవచ్చు. పాత పుస్తకం ఆర్సీ వివరాలు వాహన్ పోర్టల్‌లో (రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డుల్లో) కనిపించకపోతే వాటిని అందులో ఎక్కించమని, అంటే బ్యాక్‌లాగ్ ఎంట్రీకి దరఖాస్తు పెట్టాలి. 14 లక్షలు ఖర్చయ్యాక కారు విలువ పెరుగుతుంది. వాటాల మాట అప్పుడు పుడితే తోబుట్టువుల మధ్య పొరపొచ్చాలు వస్తాయి. సంతకాలు ముందే తీసుకోమనేది అందుకే.

మీ చివరి ప్రశ్నకు జవాబు: ఉంటుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టినవాడు కూలి అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. అయితే దానికి విరుద్ధమైన ఒప్పందం ఉంటే ఆ హక్కు ఉండదు. చట్టంలోనే ఉదాహరణ ఉంది: కోటు కుట్టి వెంటనే ఇస్తానని, డబ్బుకు మూడు నెలలు ఆగుతానని ఒప్పుకొన్న దర్జీ ఆ కోటును ఆపుకోలేడు. మీ ఒప్పందంలోనూ ఇలా రాయించుకోండి: "లెక్కల్లో వివాదం వస్తే, వివాదంలో లేని సొమ్ము చెల్లించిన వెంటనే కారును, విడిభాగాలను యజమానికి అప్పగించాలి."

6 లక్షలు ఒకేసారి ఇవ్వకండి. మొదట పది శాతం ఇవ్వండి. విప్పిన తర్వాత ప్రతి భాగానికీ ఫొటోలతో జాబితా తయారు చేయించి, ఇద్దరూ సంతకం పెట్టండి. ఆపై టింకరింగ్, పెయింటింగ్, ఇంజిన్-గేర్‌బాక్స్, బిగింపు-వైరింగ్, ఇలా ఒక్కో దశ ముగిశాక డబ్బు. ఎంవీఐ తనిఖీ అయ్యేదాకా పదిహేను శాతం మీ దగ్గరే ఉండాలి. అంచనా పది శాతం మించితే మీ రాతపూర్వక అంగీకారం ఉండాలి. తీసేసిన పాత సామాను మీకే చెందుతుంది. క్రోమ్ ప్లేటింగ్‌కో లేత్ షాపుకో వెళ్లే ప్రతి వస్తువునూ రిజిస్టర్‌లో రాయాలి.

టింకరింగ్ దశ మీద ప్రత్యేకంగా ఒక షరతు పెట్టండి. ఈ కారుకు విడిగా చాసిస్ ఉండదు, బరువు మోసేది బాడీయే. డోర్ల కింది సిల్స్ తుప్పు పట్టి ఉంటాయి. పైకప్పు లేని బండి కాబట్టి డోర్ సందులో అడ్డంగా ఇనుప ఊతం వెల్డ్ చేయకుండా సిల్ కోస్తే షెల్ మధ్యలో కుంగిపోతుంది. ఇక డోర్లు పడవు. కోయకముందు రెండు వైపులా డోర్ గ్యాప్‌లు మిల్లీమీటర్లలో కొలిచి ఒప్పందానికి జతచేయండి. రేపు సేవాలోపం నిరూపించడానికి అదే సాక్ష్యం. షెల్ మొత్తం కొత్తది తెప్పించాలనే ఆలోచన మాత్రం వద్దు, కారు గుర్తింపే ప్రశ్నార్థకమవుతుంది.

గొడవ ముదిరితే ముందు స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. తర్వాత గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు, మీరు ఉండే చోట కేసు వేసే వీలును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల వరకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు రూ. 200. గడువు రెండేళ్లు. కారును తిరిగి అప్పగించమని అదే చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. కారును లాభానికి అమ్మడానికే బాగు చేయిస్తున్నారని తేలితే మాత్రం వినియోగదారుడి హోదా మీద అవతలివారు అభ్యంతరం లేవనెత్తుతారు. వాట్సాప్ సందేశాలు, ఫొటోలు సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. ఫోన్ మార్చినా పాతదాన్ని పారేయకండి. విడిభాగాలు అమ్మేసుకున్నారని ఆధారం దొరికితే అప్పుడు నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. వట్టి ఆలస్యానికి స్టేషన్‌కు వెళితే సివిల్ వివాదమని పంపేస్తారు.