పారామోర్ గిటార్ల హోరు తగ్గించినప్పుడు నాకు కోపం వచ్చింది

ప్రాణంగా విన్న పాప్ పంక్ బ్యాండ్ ఉన్నట్టుండి బాణీ మార్చేస్తే అభిమానిగా మీరెలా తట్టుకున్నారు, మోసపోయినట్టు అనిపించలేదా అని అడిగారు. అనిపించింది. ఆ అలక తీరడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. నా విషయంలో ఆ బ్యాండ్ పారామోర్. పాప్ పంక్ అంటే నోటికి పట్టే బాణీలను వేగంగా, గిటార్ల హోరుతో వాయించే రాక్ సంగీతం.

2008 చివర్లో 'ట్వైలైట్' సినిమా వచ్చేనాటికి నేను ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. సినిమా నాకు ఎక్కలేదు గానీ అందులోని 'డీకోడ్' పాట మాత్రం వదల్లేదు. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితుడి హార్డ్ డిస్కులో వెతికితే అదే బ్యాండ్ 2007లో తెచ్చిన 'రయట్!' ఆల్బమ్ మొత్తం దొరికింది. అమెరికాలో టెనసీ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో మొదలైన బ్యాండ్ అది. గాయని హేలీ విలియమ్స్ నాకన్నా ఏడాది పెద్ద. డ్రమ్స్ వాయించే జాక్ ఫారో నాకన్నా ఏడాది చిన్న. అందరూ హేలీ గొంతుకు పడిపోయారు. నేను జాక్ చేతులకు పడిపోయాను.

డ్రమ్స్ నేర్చుకున్నది ఆ పాటలతోనే. నేర్చుకున్నాను అనడం కాస్త ఎక్కువే. బోర్లించిన పెయింటు డబ్బా, రెండు కర్రలు, కింది గదివాళ్ల తిట్లు, అదీ నా సాధన. కాలేజీ ఉత్సవాల్లో అద్దె డ్రమ్స్‌తో రెండుసార్లు వేదిక కూడా ఎక్కాను. నాబోటి వాళ్లకు పాప్ పంక్ ఇచ్చే వరం ఒకటుంది. వేగం అందుకుంటే చాలు, మిగతాది గిటార్లు కప్పేస్తాయి. ఎక్కడ దెబ్బ తప్పినా ఆ హోరులో కొట్టుకుపోతుంది.

2010 డిసెంబరులో జాక్, అతని అన్న జాష్ ఇద్దరూ బ్యాండ్ విడిచి వెళ్లిపోయారు. 2013లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించింది ఇలాన్ రూబిన్. గట్టి వాద్యకారుడే, వంక పెట్టలేను. అందులోని 'ఎయింట్ ఇట్ ఫన్' పాటలో చర్చి పాటల్లో వినిపించే బృందగానం చేరింది. దానికి 2015లో ఉత్తమ రాక్ పాటగా గ్రామీ కూడా వచ్చింది. బాణీ అప్పటికే పక్కకు జరుగుతోందని తెలుస్తూనే ఉంది. కానీ పదిహేడు పాటల్లో నాకు కావలసినన్ని గిటార్లు మిగిలి ఉన్నాయి కాబట్టి పేచీ పెట్టలేదు.

అసలు గొడవ 2017లో. ఆ ఫిబ్రవరిలో జాక్ తిరిగి వచ్చాడన్న వార్త చూసి ఆఫీసులో అందరికీ మిఠాయిలు పంచాను. కారణం అడిగినవాళ్లకు ఏదో అబద్ధం చెప్పాను. ఏప్రిల్లో 'హార్డ్ టైమ్స్' వచ్చింది. తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, జాక్ ఎప్పుడు విరుచుకుపడతాడా అని ఎదురుచూస్తుంటే మారింబా అనే చెక్క పలకల వాద్యం లాంటి టింగుటింగుల చప్పుడు మొదలైంది. వీధిలోకి ఐస్‌క్రీమ్ బండి వచ్చిందనుకున్నాను. తర్వాత వచ్చిన గిటారు చిటికెలు వేస్తున్నట్టుంది తప్ప మోతే లేదు. అంతా 1980ల నాటి డిస్కో హాల్లా ఉంది. మే నెలలో 'ఆఫ్టర్ లాఫ్టర్' ఆల్బమ్ మొత్తం వచ్చింది. ఒకసారి విని, పాత హాస్టల్ మిత్రుల బృందంలో "జాక్ తిరిగి వచ్చింది ఇందుకా?" అని రాసి పడుకున్నాను. అందరూ అవునన్నారు. అప్పట్లో మేం ఒకరినొకరు బాగానే ఎగదోసుకునేవాళ్లం.

మరుసటి ఏడాది వేసవి సెలవులకు మా అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. అప్పుడు తొమ్మిదో తరగతి పూర్తి చేసింది. 'ఆఫ్టర్ లాఫ్టర్' పాటలన్నీ తనకు కంఠతా వచ్చు. అసలు పారామోర్ అంటే ఏమిటో చూపిస్తానని గొప్పగా 'రయట్!' పెట్టాను. రెండు పాటలు విని, "మామయ్యా, ఈవిడ ఎందుకింత అరుస్తోంది? ఎవరైనా కొట్టారా?" అంది.

నాకు రోషం వచ్చింది. అప్పటికే ఒక ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్ కొనుక్కుని ఉన్నాను. మీ కొత్త పాటలో ఏముంది, పసిపిల్లలు కూడా వాయిస్తారని 'హార్డ్ టైమ్స్' పెట్టుకుని కూర్చున్నాను. నిమిషం కూడా నిలవలేకపోయాను. దాపరికం లేని పాట అది. నన్ను కప్పడానికి అందులో గిటార్ల గోడ లేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఎంతసేపు ఉంచాలో అంతసేపే ఉంచాలి. నేను పదేళ్ల అలవాటు కొద్దీ ప్రతి ఖాళీలోనూ ఏదో ఒకటి కొట్టేస్తున్నాను. నా మేనకోడలు మర్యాదస్తురాలు, నవ్వాపుకుని నీళ్లు తాగడానికి వెళ్లింది. జాక్ మెత్తబడ్డాడని ఏడాదిగా అంటున్నవాణ్ణి, అతను చేతులు ఎక్కడ ఆపుతున్నాడో ఆ పూటే మొదటిసారి విన్నాను.

వాయించడం కుదరాలంటే పాటను వంద సార్లు వినాలి. అలా వింటుంటే మాటలు కూడా చెవిన పడ్డాయి. పైకి ఎగిరి గంతులేయించే పాటలు, లోపల మాత్రం మంచం దిగలేని మనిషి మాటలు. ఆ రోజుల్లో తాను కుంగుబాటుతో సతమతమయ్యానని హేలీ దాచుకోకుండా చెప్పింది. నవ్వడం అయిపోయాక మనుషుల ముఖాల్లోకి ఒక చూపు వస్తుందని, ఆల్బమ్ పేరు ఆ చూపు గురించేనని ఆమె వివరించింది. ఇది తెలిశాక నా ఫిర్యాదు కాస్త వెలవెలబోయింది. ఎందుకంటే 'రయట్!'లో నేను ప్రేమించినదీ ఇదే కదా. హుషారైన బాణీలో కసి, ఈర్ష్య, ఏడుపు. పాప్ పంక్ కిటుకంతా అక్కడే ఉంది. గిటార్లు తీసేశాక అది ఇంకా పచ్చిగా కనిపించింది. ఇది నా వాదన మాత్రమే. మా హాస్టల్ మిత్రుల్లో సగం మంది ఇప్పటికీ ఒప్పుకోరు.

అదే 2018లో హేలీ 'మిజరీ బిజినెస్' పాటను ఇకపై వేదికల మీద పాడనని ప్రకటించింది. పదిహేడేళ్ల వయసులో రాసిన ఆ పాటలో ఇంకో అమ్మాయిని చులకన చేసే మాట ఒకటి ఉంది. ఆ మాటను గొంతు చించుకుని పాడినవాళ్లలో నేనూ ఉన్నాను, ఒక్కసారి కూడా ఆలోచించలేదు. రాసినావిడ ఆలోచించుకుంటే మనకేమిటి అభ్యంతరం? నాలుగేళ్ల తర్వాత మళ్లీ పాడటం మొదలుపెట్టింది, అదీ బాగానే ఉంది. డ్రమ్స్ పరంగా అంతకన్నా సరదా పాట వాళ్లకు లేదు.

మారిన ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకున్నానని అనుకోకండి. 2013 ఆల్బమ్‌లో పాటల మధ్య వచ్చే మూడు ఉకులేలే (చిన్న గిటారు లాంటి వాద్యం) ముక్కలు నాకు చిరాకు. 'ఆఫ్టర్ లాఫ్టర్'లో వేరొకరి గొంతుతో సాగే 'నో ఫ్రెండ్' ఇప్పటికీ దాటేస్తాను. 2023లో వచ్చిన 'దిస్ ఈజ్ వై'కి ఉత్తమ రాక్ ఆల్బమ్ గ్రామీ దక్కింది. గిటార్లు మళ్లీ పదునెక్కాయి, 'ద న్యూస్'లో జాక్ నిజంగానే విరుచుకుపడ్డాడు. నేను అడిగినదంతా దొరికినట్టే. అయినా నా చేయి 'ఆఫ్టర్ లాఫ్టర్' మీదికే పోతుంది. మనసు మాట వినదు, ఏం చేస్తాం.

మీ బ్యాండ్ ఏదో రాయలేదు. ఒకవేళ అది పారామోరే అయితే, 'హార్డ్ టైమ్స్'తో మొదలుపెట్టకండి, మీకూ ఐస్‌క్రీమ్ బండే గుర్తొస్తుంది. 'ఫేక్ హ్యాపీ' పెట్టుకోండి. మొదట్లో ఒట్టి గిటారు, హేలీ గొంతు, ఎక్కడో పక్క గదిలో పాడుకుంటున్నట్టు వినిపిస్తాయి. తొందరపడి ఆపేయకండి. కాసేపటికి జాక్ వస్తాడు.