ఎక్స్‌రేలో ఎముకకు చిల్లులు కనిపిస్తే మైలోమానేనా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. నాన్నగారికి 63 ఏళ్లు. కొన్ని నెలలుగా నడుము నొప్పి. వయసు వల్లేమో అనుకుని నొప్పి మాత్రలు వాడాం. మొన్న ఎక్స్‌రేలో వెన్నులో, కటి ఎముకలో చిల్లుల్లాంటివి ఉన్నాయన్నారు. హిమోగ్లోబిన్ 9. మల్టిపుల్ మైలోమా కావచ్చట. కానీ బోన్ స్కాన్ నార్మల్ వచ్చింది. బోన్ మ్యారో టెస్ట్ చేయిస్తే జబ్బు పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: టెస్ట్ చేయించండి. మైలోమా అంటే ప్లాస్మా కణాలకు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) వచ్చే క్యాన్సర్. అది పుట్టేదే మూలుగలో (బోన్ మ్యారో), కాబట్టి సూది గుచ్చితే పాకుతుందన్నది వట్టి మాట.

బోన్ స్కాన్ నార్మల్ అని మాత్రం ధీమా పడకండి. ఆ స్కాన్ కొత్త ఎముక తయారవుతున్న చోటును పట్టుకుంటుంది, మైలోమాలో ఎముక కరిగిపోవడమే తప్ప తిరిగి కట్టుకోవడం సరిగా జరగదు కాబట్టి జబ్బు ఉన్నా స్కాన్ శుభ్రంగా కనిపించవచ్చు. ఎక్స్‌రేకీ పరిమితి ఉంది, ఎముక దాదాపు 30 శాతం కరిగితేగానీ చిల్లు కనబడదు. అందుకే ఒళ్లంతా లో డోస్ సీటీ గానీ, పెట్ సీటీ గానీ అడుగుతారు.

అలాగని చిల్లులన్నీ మైలోమా కావు. ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకకు పాకినా ఇలాగే ఉంటాయి, మన దగ్గర వెన్నులో టీబీనీ మర్చిపోకూడదు. తేల్చేది రక్తం, మూత్రం, మూలుగ. మైలోమా కణాలు వదిలే ప్రొటీన్‌ను రక్తంలో పట్టుకునే సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్స్ (ఆ ప్రొటీన్ ముక్కలు) పరీక్షలు, వాటితో పాటు కాల్షియం, క్రియాటినిన్ చేయించండి. మామూలు మూత్ర పరీక్షలో లైట్ చైన్స్ దొరకవు, 24 గంటల మూత్రం పట్టి ఇవ్వాల్సి రావచ్చు. మూలుగలో ఒకే మూసలో పుట్టిన ప్లాస్మా కణాలు 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, ఎముకల్లో ఈ చిల్లులూ ఉంటే మైలోమా అని తేలినట్టే. అంత లేకపోతే చిల్లు ఉన్న చోటి నుంచే ముక్క తీసి చూస్తారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఆ నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివైతే ఈరోజే ఆపేయండి. మైలోమాలో కిడ్నీలు ముందే ఒత్తిడిలో ఉంటాయి, ఇవి ఇంకా దెబ్బతీస్తాయి. జబ్బేదో తేలేదాకా పారాసిటమాల్, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. నడుం తొక్కించడం, మాలిష్, కట్టు కట్టించడం వద్దే వద్దు, బలహీనపడ్డ వెన్నుపూస విరిగిపోవచ్చు. కాళ్లలో పట్టు తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఎముకల డాక్టర్ దగ్గరే ఆగిపోకుండా హెమటాలజిస్టును (రక్త జబ్బుల డాక్టర్) కలవండి. పంజాగుట్ట నిమ్స్‌లో గానీ, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ చూపించుకోవచ్చు, ఆరోగ్యశ్రీ ఉంటే కార్డు తీసుకెళ్లండి. పాత రిపోర్టులూ పట్టుకెళ్లండి, టోటల్ ప్రొటీన్ ఎక్కువ, అల్బుమిన్ తక్కువ అని ఏనాడో వచ్చి ఉంటే అదీ ఒక ఆధారమే. పళ్లు పీకించాల్సినవేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఎముకలకిచ్చే జొలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదలుకాక ముందే ఆ పని అయిపోవాలి.