బోర్డుల తనిఖీ ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పూర్తిచేశాను. సర్క్యూట్ బోర్డులు అసెంబుల్ చేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం వచ్చింది. రోజంతా బోర్డులు చూస్తూ కూర్చోవడమే పని, ఎదుగుదల ఉండదు అని ఇంట్లో అంటున్నారు. చేరమంటారా?

జవాబు: చేరండి. అయితే మీ ఇంట్లోవాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. లైన్ చివర కూర్చుని మంచివి ఇటు, చెడ్డవి అటు పెడుతూ ఏళ్లు గడిపేసినవారు ఉన్నారు. ఆ పని చాలావరకు ఇప్పుడు కెమెరాలున్న ఏఓఐ (ఆటోమేటెడ్ ఆప్టికల్ ఇన్‌స్పెక్షన్) యంత్రాలే చేస్తున్నాయి. తప్పు ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి కనిపెట్టగలిగేవారికే ఈ విభాగంలో విలువ.

ఒక చిన్న రెసిస్టర్ ఒక కొస మీద నిటారుగా లేచి నిలబడిందనుకోండి. దీన్ని టూంబ్‌స్టోన్ అంటారు. రీవర్క్‌కి పంపితే ఆ బోర్డు బాగవుతుంది, కానీ వెనకాల వచ్చే బోర్డులోనూ అదే రెసిస్టర్ లేస్తుంది. రెసిస్టర్ కొసలు అతుక్కునే రెండు రాగి ప్యాడ్లలో ఒకదాని మీద సోల్డర్ ముందుగా కరిగి రెసిస్టర్‌ని తనవైపు లాగేసింది. ఎందుకు? సోల్డర్ పేస్ట్‌ని బోర్డు మీద అద్దే స్టెన్సిల్ రేకులో రంధ్రం పూడుకుపోయి రెండోవైపు పేస్ట్ తక్కువ పడిందా? భాగాల్ని బోర్డు మీద పెట్టే ప్లేస్‌మెంట్ యంత్రం కాస్త పక్కకి పెట్టిందా? ఒక ప్యాడ్‌కి పెద్ద రాగి భాగం కలిసి ఉండి అది ఆలస్యంగా వేడెక్కుతోందా? ఈ చివరిదైతే డిజైన్ వాళ్లతో మాట్లాడాల్సిందే, లైన్‌లో ఎంత సర్దినా పూర్తిగా పోదు.

పేస్ట్ సంగతీ అంతే. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని గది వేడికి రాకముందే తెరిస్తే గాలిలోని తేమ లోపల చేరుతుంది. సోల్డర్‌ని కరిగించే రీఫ్లో ఓవెన్‌లో ఆ తేమ ఆవిరై సోల్డర్‌ని చిన్న చిన్న బంతులుగా చిమ్ముతుంది. డబ్బా ఎప్పుడు తీశారో, ఎప్పుడు తెరిచారో రాసి ఉందా అని చూడండి. తేమ భయం ఐసీలకీ (చిప్‌లకీ) ఉంది. ఎంఎస్ఎల్ అంటే తేమకి ఎంత సున్నితమో చెప్పే స్థాయి; ఎంఎస్ఎల్ 3 అని ముద్రించిన ప్యాకెట్‌ని తెరిచాక, 30 డిగ్రీలు, 60 శాతం తేమ దాటని గదిలో 168 గంటల్లోపు వాడేయాలి.

స్టాటిక్ (స్థిర విద్యుత్తు) మాత్రం కంటికి దొరకదు. మన చేతికి చురుక్కుమనాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి, కొన్ని చిప్‌లు 100 వోల్టులకే దెబ్బతింటాయి. పైగా సగం దెబ్బతిన్న చిప్ టెస్టులో పాసై, వాడేవాళ్ల చేతిలో ఆగిపోతుంది. ఒంటిలోని స్టాటిక్‌ని భూమిలోకి పంపే రిస్ట్ స్ట్రాప్‌ని రోజూ టెస్టర్ మీద పెట్టి చూసుకోవడం చాదస్తం అనుకోకండి.

చదవాల్సింది ఐపీసీ-ఏ-610 అనే, అసెంబుల్ చేసిన బోర్డుల నాణ్యతా ప్రమాణం. ఏ సోల్డర్ జాయింట్‌ని ఒప్పుకోవాలో, దేన్ని వద్దనాలో అందులో బొమ్మలతో ఉంటుంది. మామూలు వస్తువులకి క్లాస్ 1, ఎక్కువకాలం నమ్మకంగా నడవాల్సినవాటికి క్లాస్ 2, ప్రాణాధార పరికరాల్లాంటివాటికి క్లాస్ 3. క్లాస్ 2లో పాసయ్యే జాయింట్ క్లాస్ 3లో ఫెయిల్ కావచ్చు. దీని సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. కంపెనీ ఖర్చుతో చేయిస్తారేమో అడగండి.

డిస్పాచ్ రోజున 'ఈ ఒక్కసారికి పంపేద్దాం' అనే మాట తప్పక వినిపిస్తుంది. కొత్తలో చాలా టెన్షన్‌గా ఉంటుంది. వాదనకి దిగకుండా ఎన్ని బోర్డులు, ఏ స్థానంలో, ఏ తప్పు అన్నది ఫొటోతో సహా చూపించి, పంపమన్నవారి సంతకం అడగండి. వెంటిలేటర్‌లోకి వెళ్లే బోర్డు అయితే అస్సలు తగ్గవద్దు.

చేరేముందు ఒక్కటి అడగండి: మొదటి ఆర్నెల్లలో కొన్ని వారాలు పేస్ట్ ప్రింటర్ దగ్గర, రీఫ్లో ఓవెన్ దగ్గర పనిచేయనిస్తారా? సరే అంటే ప్రాసెస్ ఇంజినీరింగ్ వైపు మీకు దారి దొరికినట్టే. కాదంటే షిఫ్ట్ అయ్యాక అరగంట ప్రింటర్ ఆపరేటర్ పక్కన నిలబడండి. ఆ సీటులో ఏళ్ల తరబడి పనిచేసినవారు పేస్ట్ దొర్లే తీరు చూసే తేడా పసిగడతారు.