వియత్నాం అధ్యక్షుడి మీద డిసర్టేషన్... పనికొస్తుందా?

ప్రశ్న: తిరుపతిలో ఎంఏ పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. వియత్నాం మాజీ అధ్యక్షుడు వో వాన్ థుయోంగ్ రాజకీయ ప్రస్థానం మీద డిసర్టేషన్ రాద్దామనుకుంటున్నా. ‘ఏడాదే ఉన్నాడు, రాయడానికేముంది’ అంటున్నారు స్నేహితులు. ఉద్యోగాలకు పనికొస్తుందా?

జవాబు: అధ్యక్షుడిగా ఆయన చేసిన పనులే రాయాలనుకుంటే మీ స్నేహితులు చెప్పిందే నిజం, పది పేజీలకే సరుకైపోతుంది. ఆ కుర్చీ దాకా ఎలా వచ్చాడు, ఎందుకు దిగాల్సి వచ్చింది అన్నదాని మీద రాస్తే మాత్రం మంచి అంశం. వియత్నాంలో అధ్యక్షుడు రాజ్యాధినేత, సాయుధ దళాలకు అధిపతి కూడా. పగ్గాలు మాత్రం కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి చేతిలో ఉంటాయి.

ముందు ఒక పట్టిక వేసుకోండి. మూడే గళ్లు: సంవత్సరం, పార్టీ బాధ్యత, ప్రభుత్వ పదవి. 2004లో హోచిమిన్ సిటీ 12వ జిల్లా పార్టీ కార్యదర్శి. 2006లో పార్టీ కేంద్ర కమిటీలో ప్రత్యామ్నాయ సభ్యుడు (ఓటు లేని సభ్యుడు), 2011లో పూర్తి సభ్యుడు. మధ్యలో 2007 నుంచి పార్టీ యువజన సంఘం అగ్రనేత. 2011లో క్వాంగ్ న్గాయ్ రాష్ట్ర పార్టీ కార్యదర్శి, 2014లో మళ్లీ హోచిమిన్ సిటీ. 2016లో పొలిట్‌బ్యూరో, ప్రచార విభాగం. 2021లో పార్టీ సెక్రటేరియట్ శాశ్వత సభ్యుడు, అంటే పార్టీ రోజువారీ పనులు నడిపే బాధ్యత. 2023 మార్చి 2న అధ్యక్షుడు, అప్పటికి వయసు 52.

ఇప్పుడు మూడో గడి చూడండి. జాతీయ అసెంబ్లీ సభ్యత్వం పక్కన పెడితే అధ్యక్ష పదవి దాకా దాదాపు ఖాళీ! ఆయనకు ముందున్న న్గుయెన్ సువాన్ ఫుక్‌కి ఇదే పట్టిక వేస్తే ఆ గడి ఉప ప్రధాని, ప్రధాని పదవులతో నిండిపోతుంది. మీ పరిశోధన ప్రశ్న ఈ తేడాలోనే ఉంది. క్వాంగ్ న్గాయ్ ఆయన సొంత ప్రాంతం కాదన్నదీ గుర్తుంచుకోండి. పైకి తేదలచిన నాయకుణ్ని పార్టీ కేంద్ర నాయకత్వం ఇలా రాష్ట్రాలకు పంపి పరీక్షిస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది రాజీనామా దగ్గరే. ఫుక్, థుయోంగ్ ఇద్దర్నీ ‘అవినీతి’ అన్న ఒక్క మాట కింద తోసేస్తారు. 2023 జనవరిలో ఫుక్ విషయంలో పార్టీ చెప్పింది, కిందివాళ్ల తప్పులకు అధినేతగా రాజకీయ బాధ్యత అని. 2024 మార్చిలో థుయోంగ్ విషయంలో మాత్రం, పార్టీ సభ్యులు చేయకూడనివాటి నిబంధనలను ఆయనే ఉల్లంఘించాడని. రెండూ వేర్వేరు అభియోగాలు. ప్రకటనలో ఉన్నది ఉన్నట్టు రాయండి. పత్రికల ఊహాగానాలను ‘అలా రాశారు’ అనే చెప్పాలి, తేలిన విషయంగా కాదు.

పేర్లలో మనకో సుళువుంది. మనలాగే వాళ్లకీ ఇంటిపేరే ముందు: ‘వో’ ఇంటిపేరు, ‘థుయోంగ్’ పిలిచే పేరు. రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటెరోలో పేరుని రెండు గళ్లలో పెడితే రిఫరెన్సు తిరగబడుతుంది, ఒకే గడికి మార్చుకోండి. అక్షరాల మీది గుర్తులు వదిలేస్తే మాటే మారిపోతుంది. పాత పత్రాలు కాపీ చేస్తే మన అను ఫాంట్ల ఫైళ్లలాగే పిచ్చి అక్షరాలొస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇక ఉద్యోగం. డిసర్టేషన్ ఒక్కటే చూపిస్తే ఎవరూ ఇవ్వరు, వియత్నామీస్ వస్తే లెక్క మారుతుంది. లిపి రోమన్ కాబట్టి చదవడం త్వరగానే పట్టుబడుతుంది. ఉత్తరాది యాసలోని ఆరు స్వరాలు (అర్థాన్ని మార్చే గొంతు హెచ్చుతగ్గులు, టోన్లు) చెవికెక్కడానికే సమయం పడుతుంది. పరిశోధనకు ముందు చదవగలిగితే చాలు. యూజీసీ నెట్‌లో పొలిటికల్ సైన్స్‌తో పాటు అంతర్జాతీయ, ప్రాంతీయ అధ్యయనాలు వేరే సబ్జెక్టుగా ఉంది, ఆగ్నేయాసియా అందులోకే వస్తుంది. రెండింటి సిలబస్ పక్కపక్కన పెట్టుకుని చూశాకే దరఖాస్తు చేయండి. మీ ఊళ్లోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. మీ గైడుతో మాట్లాడి, ఈ పట్టిక చేతిలో పట్టుకుని అక్కడికి వెళ్లండి.