చేపల 'నిల్వలు' అనవచ్చా?

సందేహం: "సముద్రంలో చేపల నిల్వలు తగ్గుతున్నాయి" అని పేపర్లో చదివాను. నిల్వ అంటే గోదాములో దాచిన సరుకు కదా, ఈదే చేపలకు ఆ మాట వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అనుమానం సబబే అమ్మా, కానీ ఆ మాటను అంత తొందరగా తీసిపారేయకండి. దాని అసలు రూపం నిలువ. నిలుచు, నిలుపు, నిలకడ అన్నీ 'నిల్' ధాతువు నుంచి వచ్చినవే. తమిళంలో 'నిలువై' అంటే బాకీ, ఇంకా రావలసిన మొత్తం. మన జమాఖర్చు పుస్తకాల్లోనూ నిలువ అంటే దాచింది కాదు, జమలోంచి ఖర్చు పోగా మిగిలి నిలిచింది. నిలువ పచ్చడి, నిలువ నీరు సంగతి మీకు తెలిసిందే.

చేపల లెక్క కట్టేవాళ్లు వెతికేది సరిగ్గా ఈ మిగులునే. వలకు పడినవి, వాటంతటవి చచ్చినవి పోగా గుడ్లు పెట్టగల చేపలు ఎన్ని టన్నులు నిలిచాయి? అందుకోసం చేప చెవిలోని చిన్న రాయిని కోసి, అందులోని వలయాలు లెక్కపెట్టి వయసు తేలుస్తారు, ఏ వయసువి ఎన్ని పడుతున్నాయో చూసి నీళ్లలో మిగిలినవాటిని అంచనా వేస్తారు. ఒడ్డుకు చేరిన సరుకొక్కటే చూసి నిలువ చెప్పబోతే మోసపోతాం. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేపల విషయంలో అదే జరిగింది: చేపలు తగ్గిపోతున్నా మిగిలినవి ఒకచోట గుంపు కట్టడంతో ట్రాలర్ల వలలు నిండుతూనే ఉన్నాయి, ఆ వలల లెక్కలే అంచనాల్లోకీ ఎక్కి ఉన్నదానికంటే ఎక్కువ చూపించాయి. 1992 జులైలో వేట ఆపేశారు. ఆ నిషేధాన్ని అధికారికంగా ముగించింది 2024లో!

నాకు కోపం తెప్పించేది 'నిల్వలు' కాదు, 'చేపల జనాభా'. జనాభా మనుషుల లెక్కండీ. 'గరిష్ఠ సుస్థిర దిగుబడి' మరీ ఘోరం, బోటు మీద వేటకెళ్లే మనిషికి అది ఏం అర్థమవుతుంది? 'నిలువ తరగకుండా ఏటేటా పట్టగలిగినంత' అని రాస్తే ఏం పోయింది? 'మత్స్య సంపద' ప్రభుత్వ కాగితాలకు సరిపోతుంది, ఉండనివ్వండి.

కాబట్టి 'చేపల నిలువ' అని ఏకవచనంలో రాస్తే నాకు అభ్యంతరం లేదు. 'నిల్వలు' అంటే మీకులాగే నాకూ గోదామే గుర్తొస్తుంది. అయితే ఒక్కో జాతికి, ఒక్కో ప్రాంతానికి వేరుగా లెక్క కడతారు గనుక బహువచనం తప్పేనని తేల్చి చెప్పలేను.