గోల్‌కీపర్‌ని తాకితే చాలు, ఫౌలేనా?

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఇదే కదా: కావలి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో కార్నర్ బంతికి (మైదానం మూల నుంచి కొట్టే కిక్‌కి) కీపర్, ఎదుటి జట్టు ఫార్వర్డ్ ఇద్దరూ ఎగిరారు, భుజాలు తగిలాయి, బంతి జారింది, వెనకున్నవాడు గోల్ కొట్టాడు. రిఫరీగా నువ్వు ఫౌల్ ఇచ్చావు, గొడవైంది. నువ్వు రాసినట్టే జరిగి ఉంటే అది గోలే.

గోల్ ముందున్న చిన్న బాక్సులో కీపర్‌ని ముట్టుకోకూడదని మన గ్రౌండ్లలో చాలామంది నమ్ముతారు. నిబంధనల్లో అలాంటిదేమీ లేదు. బంతి కీపర్ చేతుల్లో అదుపులో ఉంటే మాత్రం దానికోసం ఎవరూ పోటీ పడకూడదు. అదుపంటే రెండు చేతులతో పట్టుకోవడమే కాదు. ఒక్క చేత్తో నేలకి అదిమిపెట్టినా, చాచిన అరచేతిలో నిలబెట్టినా, నేలకేసి కొడుతున్నా అదుపే. మీ మ్యాచ్‌లో బంతి ఇంకా ఎవరిదీ కాలేదు. పైగా సాయంత్రం సముద్రపు గాలికి బంతి ఎటు వంకర తిరుగుతుందో కీపర్‌కే తెలీదు, ఆ నేరం ఫార్వర్డ్ మీద వేస్తే ఎలా?

నేనైతే ఫార్వర్డ్ కళ్లూ చేతులూ చూస్తాను. బంతిని చూస్తూ నిటారుగా ఎగిరితే ఆడనిస్తాను. కీపర్ మోచెయ్యి కిందకి లాగితే, వీపుతో నెట్టితే డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే నేరుగా గోల్‌లోకి కొట్టగలిగే కిక్. ఊరికే ముందు నిలబడటం తప్పు కాదు. కీపర్ ఎటు కదిలితే అటు కదిలి అడ్డం వస్తేనే తప్పు. తగలకుండా అడ్డుకుంటే ఇన్‌డైరెక్ట్ (ఇంకో ఆటగాడికి తగిలాకే గోల్ లెక్కయ్యే కిక్), తగిలితే డైరెక్ట్.

కార్నర్ కొట్టకముందే తోపులాట మొదలైతే ఫ్రీకిక్ ఉండదు. విజిల్ వేసి ఆపు, ఇద్దరినీ పిలిచి హెచ్చరించు, తర్వాత కొట్టించు.