మిషన్ ట్రిప్‌కి పిల్లలకేం తీసుకెళ్లాలి?

ప్రశ్న: ఆంటీ, వందనాలు. నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా చర్చి యూత్ డిసెంబరులో కంబోడియాలోని సియెమ్ రీప్‌కి మిషన్ ట్రిప్ వెళ్తోంది. అక్కడొక అనాథాశ్రమంలో పిల్లలకు వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) నడపాలి. బొమ్మలు, బట్టలు, చాక్లెట్లు ఏవి కొనాలి? అక్కడివాళ్ల ఖ్మేర్ భాష రాదు, ఎలా? ఫొటోలు పంపమని మా ఊరి పాస్టరుగారు అడిగారు, పంపొచ్చా?
– ఒక సోదరి, సింగపూర్

జవాబు: వందనాలమ్మా. పెట్టె సర్దుకునే ముందు మీ టీమ్ లీడరుని ఒక సంగతి అడుగు. ఆ ఆశ్రమంలో ఎంతమంది పిల్లలకు అమ్మానాన్నలు ఉన్నారు?

ఎందుకంటే కంబోడియాలో 2005లో 154 ఉన్న పిల్లల ఆశ్రమాలు 2010కల్లా 269 అయ్యాయి. వాటిలో ఉంటున్న నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011లో యునిసెఫ్ అధ్యయనం తేల్చింది. చదువొస్తుందని, మూడు పూటలా అన్నం దొరుకుతుందని పేదవాళ్లు పిల్లల్ని అక్కడికి పంపుతారు. సియెమ్ రీప్ దగ్గరున్న అంగ్కోర్ వాట్ గుడి చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక పూట పిల్లలతో ఆడుకుని డాలర్లు ఇచ్చి వెళ్తారు. ఆ డాలర్లు ఆగకుండా రావాలంటే ఆశ్రమం నిండా పిల్లలుండాలి మరి.

నేనూ మిషన్ బోర్డింగులో పెరిగినదాన్నే. నాన్న పాలేరు, అమ్మ కూలికి పోయేది. అయినా విదేశీ అతిథులు వస్తే మమ్మల్ని వరసగా నిలబెట్టి అనాథలని పరిచయం చేసేవారు. మేం యాక్షన్ సాంగులు పాడేవాళ్లం. ఒక దొరసాని నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చి, మళ్లీ వస్తానంది. ఆ ఏడాదంతా గేటు చప్పుడైతే చాలు, పరిగెత్తేదాన్ని. ఆవిడ మంచి మనిషి, కోపం లేదు. ఆ బోర్డింగు వల్లే టీచర్నయ్యాను, అదీ నిజమే. కానీ మా అమ్మ బతికుండగా నన్ను అనాథ అనడం మాత్రం ఈ వయసులోనూ మింగుడుపడదు.

లీడరు సరిగ్గా చెప్పలేకపోతే, వీబీఎస్‌ని ఏదైనా స్థానిక ఖ్మేర్ క్రైస్తవ సంఘంలో పెట్టమని అడుగు. పిల్లలు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇంటికి పోతారు. అక్కడి సండేస్కూలు టీచర్లు ముందుండాలి, మీరు వాళ్ల వెనక ఉండాలి. మీరు వచ్చేశాక ఆ పిల్లల్ని చూసుకునేది వాళ్లే కదా. టీములో అందరూ పోలీసు క్లియరెన్సు తెచ్చుకోవాలి. ఏ పెద్దవాళ్లూ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, ఆఖరికి పాస్టరైనా సరే.

ఇంకో మాట. బౌద్ధేతరులు బహిరంగంగా మతప్రచారం చేయడాన్ని కంబోడియా నిషేధించింది. కరపత్రాలు ప్రార్థనాస్థలంలోనే పంచాలి. వస్తువులు ఎరగా చూపి మతం మార్చడం అక్కడి చట్టం ఒప్పదు, నాకూ నచ్చదు.

భాష గురించి బెంగ వద్దు. దుబాసీతో చెబితే పది నిమిషాల కథకి ఇరవై పడుతుంది, కాబట్టి చిన్న కథే ఎంచుకో. ఇంగ్లీషు పాటలు నేర్పేకంటే నువ్వే ఒక ఖ్మేర్ పాట నేర్చుకుని వెళ్లు. తప్పు పలికితే వాళ్లు పడీపడీ నవ్వుతారు, అక్కడే స్నేహం కుదురుతుంది. పలకరింపుకి మనలాగే చేతులు జోడిస్తారు. కానీ పిల్లల తల నిమరకు. మనకది దీవెన, వాళ్లకి మర్యాద కాదు.

బొమ్మలు, చాక్లెట్లు మోసుకెళ్లొద్దు. ఏం కావాలో ఆ సంఘం వాళ్లనే అడిగి, సియెమ్ రీప్ బజారులోనే నోటుబుక్కులో క్రేయాన్లో కొని వాళ్ల చేతికే ఇవ్వు. వాళ్ల పిల్లలకి వాళ్లే పంచుకుంటారు.

ఫొటోల్లో మీ టీము, చర్చి, పిల్లలు చేసిన కాగితం పువ్వులు ఉంటే చాలు. పిల్లల ముఖాలు వద్దు, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. పాస్టరుగారు నొచ్చుకుంటే ఈ పేజీ చూపించు.